విలియం డాంపియర్: ఓడదొంగ, మొక్కలు ఏరినవాడు, మద్రాసులో దిగినవాడు

అలలపేట:
కెప్టెన్ కుక్ థ్రెడ్‌లో విలియం డాంపియర్ పేరు ఒకసారి వచ్చి, వాదనల్లో కొట్టుకుపోయింది. ఈయనకు విడిగా ఒక థ్రెడ్ ఉండాల్సిందే. తెలిసినవాళ్లు కలపండి, తెలియనివాళ్లు అడగండి.

ముందు క్లుప్తంగా. 1651లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో, ఈస్ట్ కోకర్ అనే ఊళ్లో కౌలురైతు కొడుకుగా పుట్టాడు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. ఓడ పనికి కుదిరాడు. న్యూఫౌండ్‌లాండ్ చలి పడక, వెచ్చటి సముద్రాలకు పోయే ఓడెక్కి జావా చూసి వచ్చాడు. 1673లో డచ్చివాళ్లతో యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి జబ్బుపడ్డాడు. తర్వాత జమైకాలో తోటపని. అది పొసగక మెక్సికోలోని కంపీచీ తీరానికి పోయి, చిత్తడి అడవుల్లో లాగ్‌వుడ్ చెట్లు నరికే కూలీల్లో కలిశాడు. ఆ చెక్క నుంచి బట్టలకు అద్దే రంగు తీసేవారు, అప్పట్లో మంచి ధర. 1676 జూన్‌లో వచ్చిన తుఫాను ఆ బతుకు కాస్తా ఊడ్చేసింది. ఆ తర్వాత సముద్రపు దొంగల్లో చేరాడు.

ఇక్కడిదాకా మామూలు ఓడదొంగ కథే. కానీ ఈయన రాసుకునేవాడు. గాలి ఎటు నుంచి వీస్తోంది, నీళ్లు ఎంత లోతు, తాబేలు గుడ్లు ఎక్కడ పెడుతోంది, ఈ పండు రుచేమిటి, ఊరివాళ్లు దాన్ని ఎలా వండుతారు, అన్నీ. 1681లో పనామా దగ్గర సన్నటి నేలను 23 రోజులు కాలినడకన దాటాల్సి వచ్చింది. వాగులు ఈదక తప్పదని తెలుసు కాబట్టి లావుపాటి వెదురు గొట్టంలో కాగితాలు పెట్టి, రెండువైపులా మైనంతో మూసేశాడు. అదే గుంపులో ఒకడు వీపుకి 300 వెండి నాణేలు కట్టుకుని ఏరు దాటబోయి మునిగి చచ్చాడు.

1690లో ఈ మనిషి మన కోరమాండల్ తీరానికి వచ్చి, మద్రాసు సెయింట్ జార్జ్ కోటలో కొన్ని నెలలు ఉన్నాడు. అప్పటికి గోల్కొండ కోట ఔరంగజేబుకి చిక్కి మూడేళ్లు. మద్రాసులో ఇంగ్లీషువాళ్ల గవర్నరు ఎలిహు యేల్.

కాకినాడ_కుర్రాడు:
మద్రాసుకి దోపిడీకే వచ్చాడా అన్నా?

అలలపేట:
లేదు తమ్ముడూ, దొంగల నుంచి తప్పించుకుని వచ్చాడు. కొంచెం వెనక్కి వెళ్లాలి.

1686లో స్వాన్ అనే కెప్టెన్ ఓడ ‘సిగ్నెట్’లో మెక్సికో తీరం నుంచి పసిఫిక్ దాటారు. గువామ్ చేరేసరికి మూడు రోజుల తిండి కూడా మిగల్లేదు. గింజలు అయిపోతే ముందు కెప్టెన్ని కోసుకు తినాలని, ఆ తర్వాత ఈ ప్రయాణానికి ఒప్పించినవాళ్లని తినాలని కళాసీలు లోపల్లోపల అనుకున్నారట. సంగతి బయటపడ్డాక స్వాన్ నవ్వుతూ, ‘డాంపియర్, నిన్ను కోస్తే వాళ్లకి ఒక పూటకి కూడా చాలేది కాదు’ అన్నాడు. స్వాన్ లావు, ఈయన బక్కమనిషి.

తర్వాత ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవిలో కళాసీలు స్వాన్‌నే వదిలేసి ఓడ ఎత్తుకుపోయారు. డాంపియర్ ఆ ఓడలోనే ఉన్నాడు. 1688 జనవరిలో ఆస్ట్రేలియా వాయవ్య తీరం చేరి రెండు నెలలు అక్కడున్నారు. అక్కడి నుంచి తిరిగి తిరిగి మే నెలలో నికోబార్ వచ్చారు. ఈ గుంపుతో ఇక వద్దనుకుని ఈయన అక్కడ దిగిపోయాడు. ఇద్దరు ఇంగ్లీషువాళ్లు, ఒక పోర్చుగీసు సంకర జాతివాడు, సుమత్రాలోని ఆచే నుంచి వచ్చిన నలుగురు ఈయనతో కలిశారు. నికోబార్ వాళ్లకి ఒక గొడ్డలి ఇచ్చి పడవ కొనుక్కున్నారు. ఎనిమిది మంది ఆ చిన్న పడవలో సుమత్రాకి బయల్దేరారు. ఆచే నుంచి టోంకిన్ (ఉత్తర వియత్నాం), మలక్కా, ఆ తర్వాత మద్రాసు.

లంగరు_రాజు:
నేను ముప్పై ఏళ్లకు పైగా ఓడల్లో చేసి రిటైరైనవాణ్ని. ఆ నికోబార్ పడవ సంగతి మీరు తేలిగ్గా దాటేశారు. నైరుతి రుతుపవనాలు మొదలయ్యే రోజులు. అలాంటప్పుడు ఆ జలాల్లో పెద్ద ఓడలే జాగ్రత్తగా పోతాయి. ఈయన చేతిలో జేబు దిక్సూచి, ఓడలో ఉన్నప్పుడే పటం చూసి పాకెట్ పుస్తకంలో రాసుకున్న వివరాలు. పడవకి రెండువైపులా కట్టిన తేలుగడలే వాళ్లని నిలబెట్టాయి. మూడో రోజు సూర్యుడి చుట్టూ పెద్ద వలయం కనబడింది. అది చెడ్డ సూచన అని ఈయనకు తెలుసు. ఆ రాత్రి తుఫానులో, ముందెన్నడూ లేనంతగా తాను చేసిన దుర్మార్గాలన్నీ గుర్తొచ్చి వణికిపోయానని రాసుకున్నాడు. ఇన్నేళ్లు దోచినవాడు రాయడం వల్ల ఆ పేజీకి ఒక బరువుంది.

నా దృష్టిలో డాంపియర్ అసలు గొప్పతనం గాలుల మీద రాసిన వ్యాసం. 1699లో వచ్చింది. వాణిజ్య పవనాలు, తీరపు గాలులు, తుఫానులు, రుతువులు, ఆటుపోట్లు, ప్రవాహాలు అన్నీ ఒక్క చోట. ఖగోళ శాస్త్రవేత్త హేలీ 1686లోనే గాలుల పటం గీశాడు కానీ అందులో పసిఫిక్ లేదు. డాంపియర్ దాన్ని చేర్చాడు. సొంతంగా చూసింది, నమ్మకస్తుడైన నావికుడి దగ్గర విన్నది వేరువేరుగా చెబుతాడు. మన కోరమాండల్ తీరంలో నేల మీద నుంచి వీచే వడగాలి, అది మోసుకొచ్చే ఇసుక కూడా అందులో ఉన్నాయి. ఇంగ్లీషు నౌకాదళ సేనాని నెల్సన్ కాలం దాకా కుర్ర నావికులచేత చదివించారు ఆ పుస్తకాన్ని.

1687 జూలై 4న చైనా తీరంలో టైఫూన్‌లో చిక్కుకున్నప్పుడు రాసింది చూడండి. ముందు ఈశాన్యం నుంచి భయంకరమైన గాలి, వాన. తెరచాప కొయ్య మీద నక్షత్రంలా మెరిసే వెలుగు. తర్వాత ఉన్నట్టుండి గాలి పడిపోయి, సముద్రం మాత్రం కల్లోలంగా ఉండి, కాసేపటికి నైరుతి నుంచి మళ్లీ అంతే జోరుగా గాలి. వెస్టిండీస్‌లో చూసిన హరికేనూ ఇదీ ఒకటే, పేరే వేరు అని తేల్చేశాడు. ఆ కాలంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

విశాఖ_వనజ:
రాజుగారూ, ఆ ‘ఉన్నట్టుండి గాలి పడిపోవడం’ మాకు బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను సరిగ్గా మా ఊరి మీదుగానే పోయింది. గాలి ఆగిందని జనం బయటికొచ్చారు. అయిపోలేదు లోపలికి పొండి అని పెద్దవాళ్లు కేకలేశారు. ఉపగ్రహాలు లేని రోజుల్లో కొయ్య ఓడ మీద నిలబడి దాన్ని గుర్తుపట్టి రాసుకున్నాడంటే మెచ్చుకోవాల్సిందే. కొయ్య మీది ఆ వెలుగు ఏమిటండీ?

లంగరు_రాజు:
సెయింట్ ఎల్మోస్ ఫైర్ అంటారమ్మా. ఉరుముల వాతావరణంలో కొయ్య చివర్లలో విద్యుత్తు మెల్లగా బయటికి పోతుంటే కనబడే వెలుగు. పాత నావికులు దేవతలకీ దయ్యాలకీ ముడిపెట్టేవారు. ఈయన మాత్రం అది స్తంభం పైన కనిపిస్తే తుఫాను తగ్గుముఖం పడుతుందని, కింద డెక్ మీద కనిపిస్తే చెడ్డదని నావికులు అనుకుంటారని రాసి వదిలేస్తాడు.

బాటనీ_మేడం:
గాలులు సరే, మొక్కల సంగతి ఎవరూ ఎత్తరే?

1697లో మొదటి పుస్తకం అచ్చయ్యాక ఈయన పేరు మారుమోగింది. దాన్ని రాయల్ సొసైటీ అధ్యక్షుడికి అంకితమిచ్చాడు. 1698 ఆగస్టులో డైరీలకు పేరుపొందిన పెపీస్ ఇంట్లో, అలాంటి మరో డైరీ రచయిత ఈవ్లిన్‌తో కలిసి భోజనం చేసినట్టు ఈవ్లిన్ డైరీలో ఉంది. నౌకాదళం పిలిచి ‘రోబక్’ అనే ఓడ ఇచ్చింది. 1699 జనవరిలో బయల్దేరాడు. దోపిడీ కోసం కాకుండా, కొత్త నేలలు వెతికి వివరాలు రాసుకు రమ్మని ఇంగ్లండు ప్రభుత్వం పంపిన తొలి ప్రయాణాల్లో ఇది ఒకటి.

ఆ ఆగస్టులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో దిగాడు. ఆ పేరు పెట్టింది ఈయనే. నీళ్ల కోసం బావులు తవ్వితే పడలేదు. కళాసీలు సణుగుతున్నారు. అప్పుడు కూడా ఈయన పూలు కోసి పుస్తకాల మధ్య పెట్టి ఆరబెట్టాడు. పక్షుల్ని, చేపల్ని, మొక్కల్ని గీయడానికి ఓడలో ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఎర్రటి రేకుల మధ్య నల్లటి బుడిపెతో ఉండే స్టర్ట్స్ డెజర్ట్ పీ ఆ కట్టలోదే. చిక్కుడు కుటుంబపు పువ్వు, ఇప్పుడు దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పం. ఈయన తెచ్చిన సుమారు రెండు డజన్ల నమూనాలు ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) ఉన్నాయి. ఓడ మునిగినా అవి మిగిలాయి, ఆ కథ ఎవరైనా చెప్పండి. వృక్షశాస్త్రవేత్త జాన్ రే వాటిలో కొన్నింటిని తన పుస్తకంలో చేర్చాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే మరో వృక్షశాస్త్రవేత్త ఒక ఆస్ట్రేలియా ప్రజాతికి ‘డాంపియరా’ అని పేరు పెట్టాడు.

ఈయనకు లాటిన్ రాదు, వర్గీకరణ రాదు. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ పుట్టడానికి ముందు సంగతి. అందుకే వర్ణన పూర్తిగా చూపు మీదే ఆధారపడుతుంది. గువామ్‌లో చూసిన బ్రెడ్‌ఫ్రూట్ గురించి చెట్టెంత, కాయెంత, తొక్క నల్లగా కాలేదాకా కాల్చి లోపలి మెత్తటి భాగం ఎలా తింటారు, ఒక్కరోజు నిలవుంటే ఎలా గట్టిపడుతుంది, ఇవన్నీ రాశాడు. నూరేళ్ల తర్వాత బ్లై అనే ఇంగ్లీషు కెప్టెన్ ఓడ బ్రెడ్‌ఫ్రూట్ మొక్కల కోసమే తాహితీకి పోయింది, కళాసీల తిరుగుబాటు జరిగింది అక్కడి నుంచి వస్తున్నప్పుడే.

కాకినాడ_కుర్రాడు:
షార్క్ బే అంటే నిజంగా షార్కులున్నాయా మేడమ్?

బాటనీ_మేడం:
ఉన్నాయి నాన్నా. పట్టుకుని తిన్నారు కూడా. పదకొండు అడుగుల సొరచేప పొట్ట కోస్తే లోపల ఒక పెద్ద జంతువు తల, ఎముకలు దొరికాయి. నీటిగుర్రం అనుకున్నాడు. ఆస్ట్రేలియాలో నీటిగుర్రాలు లేవు, అది డ్యూగాంగ్ (సముద్రపు ఆవు) అయ్యుండాలి. ఆ బే ఈనాటికీ డ్యూగాంగ్‌లకి పేరున్న చోటే. పేరు తప్పినా పళ్లు, పెదవులు ఎలా ఉన్నాయో రాశాడు కాబట్టే మనం ఇప్పుడు సరిచేయగలుగుతున్నాం.

సూళ్లూరుపేట_పక్షి:
మేడమ్, పక్షుల దగ్గర కూడా ఒకసారి బోల్తా పడ్డాడు. కేప్ వెర్డ్ దీవుల్లో 1683లో ఫ్లెమింగోలను చూశాడు. మా పులికాట్‌కి శీతాకాలంలో వచ్చేవాటి జాతే. లోతు తక్కువ నీళ్లలో బురద పోగు చేసి, పైన గుంట పెట్టి గూడు కడతాయని సరిగ్గానే రాశాడు. కానీ గుడ్లు పొదిగేటప్పుడు కాళ్లు కింద నీళ్లలో ఆనించి నిలబడే వెనకభాగం గూటి మీద మోపుతాయన్నాడు. నిజానికి కాళ్లు మడిచి ఎంచక్కా కూర్చుంటాయి. పైగా నాలుకలు తీసి వండితే రాజుల పళ్లెంలోకి తగిన వంటకమట! ఇది చదివిన రోజు నాకు ఒళ్లు మండింది.

గోంగూర_అంతర్జాతీయం:
తిండి విషయం వచ్చింది కాబట్టి. వియత్నాం దగ్గర పులో కొండోర్ దీవిలో మామిడి గురించి రాస్తూ, లేత కాయల్ని రెండు ముక్కలు కోసి ఉప్పు, వినిగరు, వెల్లుల్లి వేసి ఊరబెడతారని, చాలా బాగుంటుందని మెచ్చుకున్నాడు. ఆవపిండి లేదు, కారం లేదు, నువ్వులనూనె లేదు. మా అమ్మమ్మ ముందు దీన్ని మామిడికాయ పచ్చడి అంటే డాంపియర్‌ని ఇంకోసారి నికోబార్‌లో దింపేసేది.

చేదునిజం:
నవ్వుకోవడం అయిపోతే ఒకటి అడుగుతాను. మద్రాసులో ఈయన చేసిన పని గురించి ఒక్కరూ మాట్లాడలేదేం?

అక్కడ మూడీ అనే ఇంగ్లీషు వర్తకుడు పరిచయమయ్యాడు. మియాంగాస్ దీవికి చెందిన జియోలీ అనే మనిషిని, ఆయన తల్లిని మిండనావో నుంచి కొనుక్కొచ్చాడు ఈ మూడీ. జియోలీ ఒంటినిండా పచ్చబొట్లు. సుమత్రాలో ఇంగ్లీషువాళ్ల బెంకూలెన్ కోటకి వెళ్లాక డాంపియర్‌కి వాళ్లిద్దరి మీద సగం వాటా ముట్టింది. మనుషుల మీద వాటా! బెంకూలెన్‌లో తల్లి చనిపోయింది. కొత్త గుడ్డలో చుట్టించానని డాంపియరే రాశాడు. కానీ జియోలీ ఊరుకోలేదు. తల్లి బట్టలన్నీ, మూడీ ఆమెకిచ్చిన రెండు కొత్త చీటీ (అద్దకపు నూలు) గుడ్డలూ తెచ్చి ఆమె మీద చుట్టాడు. ఇవి మా అమ్మవి, అమ్మకే ఉండాలి అన్నాడు. ఆ చీటీ గుడ్డలు మన తీరంలో అద్దినవే అయ్యుండొచ్చు.

1691లో లండన్‌లో దిగాక చేతిలో డబ్బు లేక డాంపియర్ జియోలీని అమ్మేశాడు. ‘రంగుల రాకుమారుడు’ అని ఫ్లీట్ స్ట్రీట్‌లో టికెట్ పెట్టి చూపించారు. ఆక్స్‌ఫర్డ్‌లో మశూచితో పోయాడు. మీరు మొక్కల్ని పొగుడుతున్న అదే ఊళ్లో.

అలలపేట:
న్యాయమైన ప్రశ్న. దాచేదేం లేదు. నన్ను పట్టి కుదిపేది వేరే. ఆ చీటీ గుడ్డల ముచ్చట మనకి తెలిసింది డాంపియర్ రాశాడు కాబట్టే. తన ఆస్తి పోతోందని బాధపడుతూనే, ఎదుటి మనిషి దుఃఖాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాడు. కన్ను చూస్తోంది, మనసు లెక్కలేస్తోంది. రెండూ ఒకే పేజీలో.

చేదునిజం:
చూశాడు కాబట్టి క్షమించేద్దామా అన్నా? చూసి కూడా అమ్మినవాడి మీద నాకైతే కోపం ఎక్కువ.

ఆస్ట్రేలియా మూలవాసుల గురించి రాసింది ఇంకా ఘోరం. ప్రపంచంలోకెల్లా దీనులు వాళ్లేనని ముద్ర వేశాడు. ఆ ముద్ర ఎంత దూరం పోయిందంటే, 1770లో కుక్ ఓడలో ఉన్న జోసెఫ్ బ్యాంక్స్ తీరం మీద చుక్కల్లా కనబడుతున్న మనుషుల్ని చూస్తూ, మనుషులో కాదో తేలకముందే ఒంటిరంగు తెలిసిపోయినట్టు అనిపించిందని, అది డాంపియర్ రాతల ప్రభావమేనని డైరీలో ఒప్పుకున్నాడు.

చరిత్ర_చావడి:
ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్రిటిష్ లైబ్రరీలో స్లోన్ సేకరణలో డాంపియర్ ప్రయాణాల చేతిరాత ప్రతి ఉంది. అందులో ఆ వర్ణన ఘాటు తక్కువ. అచ్చులో కటువైంది. అమ్మకాల కోసం మార్చాడా, ఇంకెవరైనా దిద్దారా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఎలా అయినా అచ్చు మీద పేరు ఆయనదే, బాధ్యతా ఆయనదే.

కానీ అదే అచ్చు పుస్తకంలో ఆ తీరపు మనుషులు రాళ్లు పేర్చి చిన్నచిన్న మలుపుల్లో కట్టలు కట్టుకుంటారని, పోటుతో వచ్చిన చేప ఆటుకి అందులో చిక్కుతుందని, దొరికింది ఎంత కొంచెమైనా ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ పంచుకుంటారని ఉంది. నీళ్ల పీపాలు మోయించాలని పాత బట్టలు తొడిగితే, వాళ్లు కదలకుండా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నారట. చివరికి పీపాలు వీళ్లే మోసుకున్నారు. చాతకాని జనం అని చూపించడానికి రాసినట్టున్నాడు. ఇవాళ చదివితే పరువు ఎవరిది పోయిందో తెలుస్తుంది.

విశాఖ_వనజ:
ఆ పీపాల ముక్క చదివి పెద్దగా నవ్వాను. ఊరికే పాత చొక్కా ఇస్తే పని చేయించుకోవచ్చనుకున్నాడు పాపం.

లంగరు_రాజు:
మేడమ్ అడిగిన రోబక్ కథ నేను చెప్తాను. ఓడ ఎలా నడపకూడదో నేర్చుకోవడానికి పనికొస్తుంది.

దగ్గర మనుషులు యాభై మంది. ఓడ పాతది. ఆలస్యంగా బయల్దేరడం వల్ల కేప్ హార్న్ మీదుగా పోవాలన్న అసలు ఆలోచన మానుకుని ఆఫ్రికా చుట్టి వచ్చాడు. అనుకున్న దారిన పోయుంటే ఆస్ట్రేలియా తూర్పు తీరం కుక్ కంటే డెబ్బై ఏళ్ల ముందే దొరికేదేమో. లెఫ్టినెంట్ జార్జ్ ఫిషర్‌కి ఈయనంటే పడదు. నౌకాదళంలో పెరిగినవాడికి మాజీ దొంగ పైఅధికారి అయితే ఎలా ఉంటుంది? మాటామాటా పెరిగి డాంపియర్ కర్రతో ఫిషర్‌ని కొట్టాడు, సంకెళ్లు వేయించాడు, బ్రెజిల్‌లో బహియా జైల్లో పెట్టించి వెళ్లిపోయాడు. జీవితమంతా దొంగల మధ్య గడిపినవాడికి, ఓట్లేసి కెప్టెన్ని మార్చుకునే ఓడలు తెలిసినవాడికి, నౌకాదళపు పద్ధతి ఒంటబట్టలేదు.

1700లో న్యూగినీ తూర్పున ఉన్న నేల న్యూగినీలో భాగం కాదు, విడి దీవి అని కనిపెట్టి న్యూ బ్రిటన్ అని పేరు పెట్టాడు. రెంటి మధ్యనున్న జలసంధికి ఇప్పటికీ ఈయన పేరే. తిరుగు ప్రయాణంలో 1701 ఫిబ్రవరిలో అసెన్షన్ దీవి దగ్గర ఓడ అడుగున చిల్లుపడి నీళ్లు రావడం మొదలైంది. పలక కుళ్లి మట్టిలా రాలిపోయింది. ఓడ పోయింది, చాలా పుస్తకాలూ కాగితాలూ పోయాయి, కొన్ని నమూనాలు ఒడ్డు చేరాయి. మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు. మేకలు, తాబేళ్లు తింటూ, కొండ మీద ఊట నీళ్లు వెతుక్కుని, ఏప్రిల్‌లో ఇంగ్లీషు ఓడలు వచ్చేదాకా ఉన్నారు. 2001లో పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియం బృందం ఆ ఓడ గంటని నీళ్లలోంచి తీసింది.

ఇంటికొచ్చాక 1702 జూన్‌లో కోర్ట్ మార్షల్. ఫిషర్ పట్ల క్రూరంగా ప్రవర్తించాడని తేల్చారు. జీతమంతా జరిమానా, రాణిగారి ఏ ఓడకీ కెప్టెన్‌గా పనికిరాడని తీర్పు. మరుసటేడు, శత్రు ఓడల్ని దోచుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చిన ఒక ప్రైవేటు దాడి ఓడకి కెప్టెన్‌గా కుదిరి అదే రాణి చేతిని ముద్దుపెట్టుకుని బయల్దేరాడు!

చరిత్ర_చావడి:
ఆ ప్రయాణమూ అంతంతే. తోడు వెళ్లిన ఓడలో అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే నావికుడు తన కెప్టెన్‌తో గొడవపడి, 1704లో హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో ఒంటరిగా ఉండిపోయాడు. 1709లో ఉడ్స్ రోజర్స్ ఓడలు అక్కడికి వెళ్లి అతన్ని తెచ్చాయి. దారి చూపే పైలట్ ఎవరనుకున్నారు? డాంపియరే. ఆ ఓడ మొత్తంలో వీడే మంచి పనివాడు అని రోజర్స్‌తో చెప్పి ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. ఆ యాత్ర మనీలా నుంచి వచ్చే స్పెయిన్ సరుకుల ఓడని పట్టుకుని 1711లో ఇల్లు చేరింది. అలా భూమిని మూడుసార్లు చుట్టిన మొదటి మనిషి అయ్యాడు.

గమనించారా, పైలట్‌గా, మామూలు కళాసీగా, అతిథిగా ఉన్నంతకాలం ఎదురులేదు. కెప్టెన్ కుర్చీ ఎక్కిన రెండుసార్లూ కుప్పకూలాడు. పెత్తనం లేనప్పుడు ఆయనకి పనల్లా చుట్టూ చూడటమే.

విశాఖ_వనజ:
ఆయనకి పెళ్లయిందా? ఇంతసేపూ ఆడమనిషి మాటే లేదు.

చరిత్ర_చావడి:
1679 ప్రాంతంలో జూడిత్ అనే ఆమెను చేసుకున్నాడు. డ్యూక్ ఆఫ్ గ్రాఫ్టన్ భార్య దగ్గర పనిచేసేది. పెళ్లైన కొద్ది కాలానికే బయల్దేరి 1691 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దాదాపు పన్నెండేళ్లు. ఫిలిప్పీన్స్‌కి ఉత్తరాన ఒక దీవికి గ్రాఫ్టన్ పేరు పెట్టి, నా భార్యని వాళ్లింటి నుంచే చేసుకున్నాను కాబట్టి అని కారణం రాశాడు. పుస్తకంలో ఆమె ప్రస్తావన అంతే. 1715 మార్చిలో లండన్ కోల్మన్ స్ట్రీట్‌లో, మనీలా ఓడ వాటా పూర్తిగా చేతికి రాకముందే, అప్పులతో పోయాడు. వీలునామాలో పదింట తొమ్మిది వంతులు గ్రేస్ మెర్సర్ అనే బంధువుకి, మిగతాది సోదరుడు జార్జ్‌కి. జూడిత్ పేరు లేదు, అప్పటికే పోయిందేమో.

విశాఖ_వనజ:
తాబేలు గుడ్లకి పేజీలు, పెళ్లానికి ఒక వాక్యం.

కాకినాడ_కుర్రాడు:
ఎక్కడ మొదలుపెట్టి చదవాలో చెప్పండి ఎవరైనా. నా ఇంగ్లీషు అంతంతమాత్రం.

బాటనీ_మేడం:
1697 పుస్తకం మొదటి నుంచి చదవకు, పనామా నడకలో పేర్లు చదివి చదివి విసుగొస్తుంది. గువామ్ దగ్గర పట్టుకో. అక్కడి నుంచి మిండనావో, ఆస్ట్రేలియా, నికోబార్ పడవ దాకా ఒక ఊపులో పోతుంది. కాపీరైట్ ఎప్పుడో తీరింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1703 నాటి న్యూ హాలండ్ పుస్తకంలో మొక్కల బొమ్మలున్నాయి, చదవకపోయినా అవి చూడు.

చేదునిజం:
బెంకూలెన్ పేజీలు కూడా చదువు తమ్ముడూ. గవర్నరు సెలవివ్వకపోతే ఫిరంగి కిటికీలోంచి దూరి పారిపోయింది అక్కడే. జియోలీని అంతకుముందే ఓడెక్కించేశాడు.